కాషాయము – కార్యభారము
నాయకత్వము వహించిన బౌద్ధ భిక్షువుల మానసిక స్వస్థత

పసుపు పంట చేతికి వచ్చు రోజులలో ఆర్మూరు ప్రాంతపు ఊళ్లలో తీరిక అనునది కనబడదు. ఎనిమిది తొమ్మిది మాసములు నేలలో ఊరిన దుంపను త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, కొమ్మును మండను వేరుచేసి, సంచులకెత్తి మార్కెట్టుకు తోలవలెను. ధర పలుకు దినమున అమ్మువాడొక వైపు, కొనువాడొక వైపు నిలుతురు. తూకమునకు, నాణ్యమునకు, చెల్లింపునకు మాట ఇచ్చి నడుమ నిలుచువాడు మరియొకడుండును. పగలెల్ల పదిమందికి సమాధానము చెప్పి రాత్రి ఇల్లు చేరిన అట్టి మనిషి, అన్నియు విడిచి కాషాయము కట్టినవాడే సుఖి యని నిట్టూర్చుట వింత కాదు. పాఠశాల ప్రధానోపాధ్యాయుడును, గ్రామాభివృద్ధి కమిటీ పెద్దయు ఒక్కొక్కప్పుడు అట్లే అనుకొందురు.

ఈ మాట ఎంతవరకు నిజము? కాషాయము కట్టినవారిలో కూడ కొందరు నాయకులుందురు. విహారమున నూరుమంది భిక్షువులున్నచో వారికి బస చూపవలెను, భోజనమునకు ఏర్పాటు చేయవలెను, తగవులు తీర్చవలెను, దాతలతో మాటలాడవలెను, కట్టడములు చూడవలెను. ఈ పనులన్నియు నెత్తిన వేసుకొన్న భిక్షువు మనస్సు ఎట్లుండును? ధ్యానము అతనిని కాపాడునా? లేక కార్యభారము ధ్యానమును మింగివేయునా? ఈ ప్రశ్నకు ప్రాచీన గ్రంథములలోను, మన శాసనములలోను, ఈనాటి ప్రయోగశాలలలోను కొంత సమాధానము లభించుచున్నది.

స్వస్థత యననేమి?

రోగము లేకపోవుటయే ఆరోగ్యము కానట్లు, దుఃఖము లేకపోవుటయే మానసిక స్వస్థత కాదు. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞురాలు కారల్ రిఫ్ 1989లో దీనిని ఆరు అంగములుగా విభజించినది. తన గుణదోషములతో తన్ను తాను అంగీకరించుట, ఇతరులతో ఆదరముగల సంబంధములు, స్వతంత్రముగా ఆలోచించుట, పరిసరములను చక్కబెట్టుకొను నేర్పు, జీవితమునకొక లక్ష్యము, ఎదుగుచున్నానను భావము – ఇవియే ఆ ఆరు.

ఈ కొలబద్దతో చూచినచో భిక్షువు స్థితి కొంత స్పష్టపడును. లక్ష్యము, ఎదుగుదల అను రెండు అంగములు అతని జీవితవిధానములోనే ఇమిడియున్నవి. కాని నాయకుడైనంతనే తక్కిన వానిపై ఒత్తిడి పడును. నిన్నటి మిత్రునికి నేడు ఆజ్ఞ ఇయ్యవలసివచ్చును. దాత మనస్సు నొవ్వకుండ మాటలాడవలసివచ్చును. ఎవరికో ఒకరికి మంచి గది దొరకును, మరియొకరికి దొరకదు. ఆ నింద నాయకునిపై పడును.

గోదావరి యొడ్డున కలత చెందిన గురువు

దీనికి మన ప్రాంతమునకు చెందిన కథ యొకటి బౌద్ధ వాఙ్మయములో కలదు. సుత్తనిపాతమను పాళీ గ్రంథములోని చివరి భాగము అస్సక దేశమున, గోదావరి తీరమున నివసించిన బావరి యను వృద్ధ బ్రాహ్మణ గురువును వర్ణించుచున్నది. అస్సక రాజధానియైన పోదన నగరమే నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. బావరి ఆశ్రమము నేటి నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి వద్ద గోదావరి పాయల నడుమ ఉండెనని కొందరు గుర్తించినారు. ఆర్మూరుకు ఉత్తరముగా పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ఆనకట్టతో ఆగుచున్న నది ఆ గోదావరియే.

బావరి భిక్షువు కాడు, కాని పెద్ద శిష్యగణమునకు నాయకుడు. అతడొక మహాయజ్ఞము చేసి ఉన్నదంతయు దానమిచ్చిన పిదప ఒక బ్రాహ్మణుడు వచ్చి 500 నాణెములు అడిగినాడు. ఇచ్చుటకు ఏమియు మిగులలేదు. అడిగినవాడు కోపించి, ఏడవ దినమున నీ తల ఏడు వ్రక్కలగునని శపించినాడు. అంత బావరి అన్నము మానినాడు, చిక్కిపోయినాడు, అతని మనస్సు ధ్యానములో నిలువలేదు అని ఆ గ్రంథము చెప్పుచున్నది.

శాపము ఫలించునా లేదా యనుట ఇచ్చట ప్రధానము కాదు. గ్రంథకర్త చూచిన లక్షణములు గమనింపదగినవి. భయము, ఆకలి లేకపోవుట, శరీరము కృశించుట, ఏకాగ్రత చెదరుట – వీనిని నేటి వైద్యుడు తీవ్రమైన ఆందోళనకు గుర్తులుగా చెప్పును. జీవితమంతయు తపస్సులో గడిపిన గురువునకు కూడ ఇవి వచ్చినవి. అందుకు ఆ గ్రంథము అతనిని తక్కువ చేయలేదు.

రాతిపై మిగిలిన పేర్లు

బుద్ధుని తరువాత కొన్ని శతాబ్దములకు తెలుగునేల విహారములతో నిండినది. ధూళికట్ట, ఫణిగిరి, అమరావతి, నాగార్జునకొండ మొదలగునవి ప్రసిద్ధములు. నాగార్జునసాగరపు నీటిలో మునుగబోవు లోయలో 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో ముప్పదికి పైగా బౌద్ధ సంస్థల అవశేషములు బయల్పడినవి. ఇంతటి కట్టడములు వానియంతట అవి లేవవు. ఇటుక, సున్నము, కూలి, దానద్రవ్యము – అన్నింటికి లెక్క చూచువారుండవలెను.

ఆ పని చూచిన భిక్షువులను శాసనములు ‘నవకమ్మికులు’ అనుచున్నవి. క్రొత్త కట్టడముల పర్యవేక్షకులని అర్థము. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి చేసిన దానములను తెలుపు శాసనము ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలము నాటిది. అందులో పనిని ముగ్గురు నవకమ్మికులు చేయించినట్లు చెప్పబడినది. వారు చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు. థేరుడనగా పెద్ద భిక్షువు.

ఆ ముగ్గురి మనస్సులో ఏమున్నదో రాయి చెప్పదు. కాని ఒక సంగతి మాత్రము తెలియుచున్నది: ఆ పని ఒక్కని భుజములపై లేదు. బాధ్యతను పంచుట సంఘ వ్యవస్థలో ముఖ్యమైన పద్ధతి. వినయ గ్రంథములలో బస చూపువాడు వేరు, భోజనపు వంతులు నిర్ణయించువాడు వేరు, వస్త్రములు పుచ్చుకొనువాడు వేరు, భాండాగారము చూచువాడు వేరు.

అధికారికి కావలసిన ఐదు గుణములు

ఇట్టి అధికారిని సంఘము సమ్మతించి నియమింపవలెను. అతనికి ఐదు గుణములుండవలెనని వినయము విధించినది. ఇష్టమునకు లొంగరాదు, ద్వేషమునకు లొంగరాదు, మోహమునకు అనగా తెలివిమాలినతనమునకు లొంగరాదు, భయమునకు లొంగరాదు. ఐదవది, జరిగినది ఏదో జరుగనిది ఏదో తెలిసియుండవలెను.

ఈ నియమము ఎంత సూక్ష్మమైనదో తరగతి గదిలో చూడవచ్చును. ఉపాధ్యాయుడు లేనప్పుడు మాటలాడినవారి పేర్లు నల్లబల్లపై వ్రాయుమని తరగతి నాయకునికి చెప్పినారనుకొందము. స్నేహితుని పేరు విడిచినచో అది ఇష్టము. పగవాని పేరు వ్రాసినచో ద్వేషము. ఎవరు మాటలాడినది చూడకయే వ్రాసినచో మోహము. బలవంతుడైన కుర్రవాని పేరు వ్రాయుటకు జంకినచో భయము. నాయకుని నిర్ణయము తప్పుదారి పట్టుటకు ఈ నాలుగు ద్వారములు చాలును. ఏ ద్వారమున తప్పు ప్రవేశించినను, రాత్రి నిద్రలో దాని ముల్లు గ్రుచ్చుచునే యుండును. నియమము ప్రకారము నడచినవానికి నింద వచ్చినను, ఆ ముల్లు ఉండదు.

నింద రాకమానదని వినయమే ఒప్పుకొనుచున్నది. దబ్బ మల్లపుత్తుడను భిక్షువు బసలు, భోజనపు వంతులు ఏర్పాటు చేయువాడు. తమకు చెడ్డ గదులు, తక్కువ భోజనము వచ్చుచున్నవని తలచిన ఇద్దరు భిక్షువులు అతనిపై తప్పుడు అభియోగము పన్నినారు. సంఘము బహిరంగముగా విచారించి అతడు నిర్దోషియని తేల్చినది. నిందపడిన నాయకుని ఒంటరిగా విడువక, విచారణ జరిపి అతని మర్యాద నిలుపుట సంఘముయొక్క బాధ్యత యని దీని భావము.

ఇక కౌశాంబి కలహము ప్రసిద్ధమైనది. స్వల్ప విషయమై భిక్షువులు రెండు పక్షములుగా చీలినారు. బుద్ధుడు నచ్చజెప్పినను వారు వినలేదు. అప్పుడతడు వారిని విడిచి పారిలేయక వనమునకు పోయి ఏకాంతముగా గడపినాడు. గుంపులో నలిగి విసిగిన ఏనుగొకటి అదే వనమునకు వచ్చినదని కథ. సంఘస్థాపకునికి సహితము గుంపు నుండి తొలగు సమయము కావలసియుండెనని ఆ గ్రంథములు దాచకుండ చెప్పినవి.

ఒత్తిడి శరీరములో చేయు పని

ఈ ఏర్పాట్ల విలువను నేటి శరీరశాస్త్రము వేరొక దారిన చూపుచున్నది. 1936లో హాన్స్ సెల్యే వేర్వేరు కష్టములకు శరీరము ఒకే తీరున ప్రతిస్పందించునని ప్రకటించెను. ఆపద ఎదురైనప్పుడు మెదడు అడుగుభాగమున నున్న హైపోథాలమస్ ఒక రసాయనిక సందేశమును పీయూష గ్రంథికి పంపును. పీయూష గ్రంథి మరియొక హార్మోనును రక్తములోనికి విడుచును. అది మూత్రపిండములపై టోపీలవలె నున్న అధివృక్క గ్రంథులను చేరగా, వాని వెలుపలి పొరనుండి కార్టిసాల్ అను హార్మోను వెలువడును. దానివలన రక్తములో చక్కెర పెరిగి, శరీరము కష్టమును ఎదుర్కొనుటకు సిద్ధపడును. ఆపద తొలగిన పిదప కార్టిసాలే మెదడునకు ఇక చాలునను సందేశమిచ్చును. పాము ఎదురైనప్పుడు ఇది ప్రాణరక్షకము. కాని పాము పోయినను పాము భయము పోనట్లు, ఒత్తిడి నెలల తరబడి నిలిచినచో నిద్ర చెడును, రోగనిరోధక శక్తి సన్నగిల్లును, మనస్సు క్రుంగును.

నాయకులందరకు ఈ ఒత్తిడి ఎక్కువగా ఉండునని అనుకొందుము. కాని 2012లో హార్వర్డు విశ్వవిద్యాలయములో గేరీ షెర్మన్, జెన్నిఫర్ లెర్నర్ మొదలగువారు ప్రభుత్వాధికారులను, సైనికాధికారులను పరీక్షింపగా, నాయకులలో కార్టిసాల్ ప్రమాణము, ఆందోళన కూడ తక్కువగా కనబడినవి. పనిపై తమకు పట్టున్నదను భావమే దీనికి ముఖ్య కారణముగా తోచినది. అంతకు ముందే 1979లో రాబర్ట్ కారసెక్, పని భారము హెచ్చుగను స్వేచ్ఛ తక్కువగను ఉన్నచోటనే మనిషి ఎక్కువగా నలుగునని చూపినాడు.

అనగా నాయకుని క్రుంగదీయునది భారము ఒక్కటియే కాదు; పట్టులేని భారము. జవాబు చెప్పవలసినది తాను, నిర్ణయము మాత్రము ఇతరులది అయినచో మనస్సు నలుగును. వినయ నియమములు దీనికి విరుగుడువలె నున్నవి. పని పరిధి స్పష్టము, నియామకము అందరి సమ్మతితో, తీర్పునకు ఆధారము వ్రేలెత్తి చూపదగిన నియమము.

ధ్యానము, మెదడు

వ్యవస్థ ఎంత మంచిదైనను మనస్సునకు శిక్షణ కావలెను. 2004లో ఆంటోయిన్ లట్జ్, రిచర్డ్ డేవిడ్‌సన్ మొదలగువారు టిబెటన్ సంప్రదాయమునకు చెందిన 8 మంది దీర్ఘకాల సాధకుల మెదడులోని విద్యుత్తరంగములను కొలిచినారు. వారు 15 నుండి 40 సంవత్సరములలో 10,000 నుండి 50,000 గంటల వరకు ధ్యానము చేసినవారు. పోల్చుటకు 10 మంది విద్యార్థులను తీసికొన్నారు. ఎవరిపైనను గురిపెట్టని కరుణను భావించునప్పుడు సాధకుల మెదడులో గామా తరంగములు, అనగా సెకనుకు 25 నుండి 42 మారులు ఊగు వేగవంతమైన తరంగములు, విద్యార్థులలో కంటె చాల బలముగా కనబడినవి.

విద్యార్థులు ఇచ్చట జాగ్రత్తగా ఆలోచింపవలెను. పరీక్షింపబడినవారు ఎనిమిది మంది మాత్రమే. వారి మెదడు సాధనవలన మారినదా, లేక అట్టి మెదడు కలవారే అంతకాలము సాధనలో నిలిచినారా అనునది ఈ ఒక్క ప్రయోగముతో తేలదు. బలమైన గామా తరంగములున్నవాడు విహారమును బాగుగా నడపునని కూడ దీనివలన తేలదు.

నాయకులకు మరింత దగ్గరి విషయము వేరొక ప్రయోగమున తెలిసినది. టానియా సింగర్, ఓల్గా క్లిమెకి అను శాస్త్రజ్ఞులు మాత్యూ రికార్డ్ అను భిక్షువు సహకారముతో పనిచేసినారు. రికార్డ్ పారిస్‌లో జీవశాస్త్రమున డాక్టరేటు పొంది, పిదప హిమాలయ విహారములలో భిక్షువై, సేవాసంస్థను స్థాపించిన వ్యక్తి. 2014లో ప్రకటింపబడిన పరిశోధనలో సామాన్య స్త్రీలకు మొదట ఇతరుల బాధను తమదిగా అనుభవించుటలో శిక్షణ ఇచ్చినారు. వారిలో దుఃఖము పెరిగినది. నొప్పితో సంబంధముగల మెదడు భాగములు చురుకైనవి. పిదప వారికే కరుణను, అనగా బాధపడువానికి మేలు కలుగవలెనను వెచ్చని కోరికను అభ్యసింపజేసినారు. అప్పుడు దుఃఖము తగ్గి, అనుకూల భావములు పెరిగినవి; మెదడులో చురుకైన భాగములు కూడ వేరైనవి.

మునిగిపోవువానిని చూచి తానును నీట మునుగుట ఒకటి. గట్టున కాలు నిలుపుకొని చేయి అందించుట మరియొకటి. దినమంతయు ఇతరుల కష్టములు వినవలసిన విహారాధిపతికి, ఉపాధ్యాయునికి, వైద్యునికి ఈ భేదము తెలియుట అవసరము. బౌద్ధులు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అను నాలుగు భావనలను కలిపి చెప్పుటలో ఈ జాగ్రత్త కలదు. ముదిత యనగా ఇతరుల మేలుకు సంతోషించుట. ఉపేక్ష యనగా అలక్ష్యము కాదు; తనవాడు, పరవాడు అను తేడాకు త్రాసుముల్లు ఊగకుండుట.

ధ్యానికి కలత రాదా?

వచ్చును. 1975లో నేపాలులో జన్మించిన మింగ్యూర్ రింపొచే బాల్యములో తీవ్రమైన భయోద్వేగముతో బాధపడినట్లు తానే వ్రాసినాడు. పదమూడవ ఏట హిమాచల ప్రదేశములోని షెరబ్‌లింగ్ విహారమున మూడేండ్ల ఏకాంత సాధనలో ప్రవేశించినప్పుడు కూడ అది వెంటనే విడువలేదు. దానినుండి పారిపోక, దానినే గమనించుట నేర్చినాడు. 17 ఏండ్లకే ఇతర సాధకులకు గురువైనాడు. తరువాత అనేక విహారములకు అధిపతియై, 2011 జూన్‌లో ఒక రాత్రి బుద్ధగయలోని తన విహారము విడిచి ఒంటరిగా వెడలిపోయి, నాలుగేండ్లకు పైగా సంచార సాధన చేసి 2015లో తిరిగివచ్చినాడు. పరిచారకులు లేని ఆ మొదటి దినములలో రైలులోను, స్టేషనులోను కలిగిన బెరుకును, సిగ్గును 2019లో ప్రకటించిన పుస్తకములో దాచక వర్ణించినాడు.

2017లో జారెడ్ లిండాల్, విలోబీ బ్రిటన్ మొదలగువారు ప్రకటించిన పరిశోధన, పాశ్చాత్య దేశములలోని కొందరు బౌద్ధ సాధకులకు ధ్యానమువలననే భయము, నిద్రలేమి మొదలగు ఇబ్బందులు కలిగినట్లు చూపినది. కనుక ధ్యానము మంచి వ్యాయామము వంటిది. అన్ని రోగములకు మందు కాదు. గురువు స్థానములో నున్నవానికి కలత రాకూడదను లోకుల నమ్మకము హానికరము. ఆ నమ్మకమునకు జడిసి అతడు కలతను దాచును. దాచిన కలత పెరుగును.

మనకు పనికివచ్చునది

భిక్షువుల జీవితము మనకు సాధ్యము కాకపోవచ్చును. కాని వారి ఏర్పాట్లలో నాలుగు అంశములు ఏ పాఠశాలలోనైనను అమలు జరుపవచ్చును. మొదటిది, ఒక్కనిపై అన్ని పనులు వేయక పంచుట. తరగతి నాయకత్వమును నెలకొకరికి మార్చినచో భారము తగ్గును, అనుభవము అందరికి కలుగును. రెండవది, నిర్ణయము చేయుటకు ముందే నియమమును అందరికి తెలియజెప్పుట. మూడవది, నాయకునిపై నింద వచ్చినప్పుడు వెనుకమాటలు కాక ఎదుటి విచారణ జరుపుట. నాలుగవది, గుంపునకు దూరముగా కొంత సమయము గడపు హక్కును నాయకునికి కూడ ఇచ్చుట.

వీనితో తీరని కలత ఉండవచ్చును. రెండు వారములకు పైగా నిద్ర, ఆకలి చెడి, చదువుపై, పనిపై మనస్సు నిలువనిచో వైద్యుని చూడవలెను. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. అట్లడుగుట బలహీనత యని విద్యార్థులు తలచకుండ చూచుట ఉపాధ్యాయుల బాధ్యత. తమ విషయములో కూడ అట్లు తలచకుండుట అంతకంటె కష్టమైన బాధ్యత.

గోదావరి యొడ్డున బావరి చేసినది కూడ ఇదియే. తన భయమును గంభీరమైన మౌనముతో కప్పిపుచ్చక, శిష్యులను పిలిచి చెప్పినాడు. తాను వృద్ధుడు, దూరము పోలేడు. అందుచేత, ఒక్కొక్కరును తమ తమ గణములకు నాయకులైన 16 మంది శిష్యులను బుద్ధుని కడకు పంపినాడు. వారు ప్రతిష్ఠానము, ఉజ్జయిని, కౌశాంబి, శ్రావస్తి మీదుగా మగధకు నడచిపోయినారు. తల యనగా అవిద్య యనియు, దానిని పగులగొట్టునది విద్య యనియు బుద్ధుడు సమాధానమిచ్చినాడు. తల పగులునను భయముతో అన్నము మానిన గురువునకు అంతకంటె ఊరట కలిగించు మాట ఏది? శిష్యులెదుట తన కలతను ఒప్పుకొనక పోయినచో ఆ మాట అతని చెవిని పడియుండెడిది కాదు.